చెంచా నిలబడితే గ్రీకు యోగర్ట్ అయిపోదు

డబ్బా మూత తీసి, అందులో చెంచా గుచ్చి, "చూశారా, పడిపోవడం లేదు, ఇదే అసలైన గ్రీకు యోగర్ట్" అని చూపించే వీడియోలు ఇక చాలు! గ్రీకు యోగర్ట్ అంటే తేట వడకట్టి చిక్కబరిచిన పెరుగు. చెంచా నిలబడితే తెలిసేది అది చిక్కగా ఉందని మాత్రమే. ఎలా చిక్కబడిందో తెలియాలంటే డబ్బా తిప్పి లేబుల్ చదవాలి.

నూలు బట్ట సంగతి చూడండి. చేతికి దిట్టంగా తగిలిందంటే నేత ఒత్తుగా ఉండవచ్చు, లేదా పలచటి బట్టకే గంజి దట్టించి ఉండవచ్చు. కొత్తలో రెండూ ఒకేలా ఉంటాయి. ఒక్క ఉతుకు పడితే బండారం బయటపడుతుంది.

గ్రీకు యోగర్ట్‌కు ఒత్తు నేత అంటే వడకట్టడం. తోడుకున్న పెరుగును గుడ్డలో కట్టో, యంత్రంలో గిర్రున తిప్పో తేట తీసేస్తారు. తేటతో పాటు కొంత లాక్టోస్ (పాలలో సహజంగా ఉండే చక్కెర) పోతుంది, ప్రోటీన్ దగ్గరపడుతుంది. ఇలా ఒక కిలో తయారవడానికి సుమారు మూడు నాలుగు లీటర్ల పాలు పడతాయి. అన్ని పాలు పోయడం ఇష్టంలేని తయారీదారు ఏం చేస్తాడు? గంజి పెడతాడు! మాటవరసకు అనడం లేదు. పదార్థాల్లో మొక్కజొన్న స్టార్చ్, మాడిఫైడ్ స్టార్చ్ అని ఉంటే అది అక్షరాలా గంజే. పెక్టిన్, జెలటిన్, గ్వార్ గమ్ చేసేదీ ఆ పనే. ఇవేవీ విషాలు కావు, అలా భయపెట్టే వీడియోలూ నాకు నచ్చవు. గంజికి నేత ధర కట్టడం దేనికన్నదే నా గొడవ.

పదార్థాలను సాధారణంగా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. ఏ రుచీ కలపని రకంలో పాలు, కావాలంటే మీగడ, ఆ తర్వాత తోడు ఉంటే సరిపోతుంది. స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అని కనిపిస్తే కంగారు పడకండి, తోడు అంటే అవే. నోరు తిరగని పేరల్లా రసాయనమే అనుకునేవారితో వేగలేకపోతున్నాను.

మిల్క్ ప్రోటీన్ కాన్సెంట్రేట్, అంటే పాల నుంచి తీసిన గాఢ ప్రోటీన్, అని ఉంటే? అది గంజి కాదు, పలచటి బట్టకు లోపల కుట్టిన అస్తరు. ప్రోటీన్ నిజంగానే పెరుగుతుంది. ప్రోటీన్ కోసమే కొంటున్నట్లయితే తీసుకోండి, కానీ వడకట్టడం వల్లే వచ్చిందని మురిసిపోకండి.

డబ్బా ముందువైపు పేరును నమ్మవచ్చా? గ్రీసులో తయారుకానిదాన్ని "గ్రీక్ యోగర్ట్" అని అమ్మకూడదని బ్రిటన్‌లో ఫాయె, చోబానీ అనే యోగర్ట్ కంపెనీల వివాదంలో అప్పీలు కోర్టు 2014లో తేల్చింది. అక్కడ మిగతావి "గ్రీక్ స్టైల్" పేరుతో అమ్ముడవుతాయి. అమెరికాలో ఆ పేరుకంటూ ప్రత్యేక ప్రమాణమే లేదు. ఒకచోట పేరు ఊరిని చెబుతుంది, మరోచోట అదీ చెప్పదు. నేత సంగతి మాత్రం పేరు చూసి నమ్మేయకండి.

మరి ఉతికి చూసేదెలా? పోషకాల పట్టికతో. కప్పు లెక్క వదిలేసి 100 గ్రాముల లెక్క చూడండి, ఎందుకంటే కప్పులు ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. బాగా వడకట్టినదైతే ప్రోటీన్ ఎనిమిది నుంచి పది గ్రాముల దాకా ఉంటుంది. నాలుగైదు దగ్గర ఆగిపోయిందంటే అది మామూలు పెరుగు స్థాయే, గంజి వదిలిపోయింది!

చక్కెర గురించి త్వరగా చెప్పేస్తాను. ఏమీ కలపని దాంట్లోనూ లాక్టోస్ మూడు నాలుగు గ్రాములు ఉంటుంది. స్ట్రాబెర్రీ రకంలో 12 కనిపిస్తే ఎనిమిది దాకా బయటిదే అనుకోండి, అంటే రెండు చిన్న చెంచాలు. డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ సిరప్, గాఢ పండ్లరసం, తేనె అన్నీ ఆ ఖాతాలోవే. శాకాహారులు జెలటిన్ ఉందేమో చూసుకోండి, అది జంతువుల నుంచి వస్తుంది. తోడుకున్న తర్వాత వేడిచేశామని రాసి ఉంటే బతికున్న బ్యాక్టీరియా మీద ఆశ పెట్టుకోకండి. కొవ్వు శాతం మీ ఇష్టం, వడకట్టారో లేదో దాన్నిబట్టి తెలియదు. మూత తీయగానే పైన కాస్త తేట కనిపిస్తే పాడైపోయిందని పారబోయకండి, కలిపేసి తినండి.