వెచ్చని సముద్రానికి ఏ వెట్‌సూట్? మూడు సూట్ల రివ్యూ

అందరికీ నమస్కారం. నా వెనుక హ్యాంగర్లకు వేలాడుతున్న ఈ మూడు నల్లటి వెట్‌సూట్లను, అంటే నీటిలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తులను చూసి, ఎటు వెళ్లినా సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉండే హైదరాబాద్‌లో ఈమెకు వీటితో ఏం పని అని మీకు అనిపించవచ్చు. కానీ సెలవులు దొరికితే అండమాన్‌కో, మాల్దీవులకో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికో స్కూబా డైవింగ్‌కు బయలుదేరేవారు ఈ నగరంలోనూ ఉన్నారు. వారిలో చాలామంది నన్ను అడిగేది ఒక్కటే: అక్కడి నీళ్లు వెచ్చగానే ఉంటాయి కదా, సూట్ అవసరమా?

అవసరమే. అండమాన్ సముద్రపు నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీని 28 మీద పెడితే ఉక్కగా ఉందని విసుక్కునే మనకు ఆ అంకె వేడిగానే తోస్తుంది. అయితే నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కదలకుండా నీటిలో ఉన్న మనిషికి చలి పుట్టకూడదంటే ఆ నీరు 33 నుంచి 35 డిగ్రీల వరకు ఉండాలి. మొదటి డైవ్‌లో ఇదేమీ తెలియదు. రోజుకు మూడు డైవ్‌లు చేసేవారికి మూడోదాని సగంలో వణుకు మొదలవుతుంది, వణికే మనిషి గాలి ఎక్కువ పీలుస్తాడు, అందరికంటే ముందుగా అతని సిలిండరే ఖాళీ అవుతుంది.

వెట్‌సూట్ నీటిని లోపలికి రానివ్వదని కొందరు అనుకుంటారు. నీరు వస్తుంది, రావడం వల్ల నష్టమూ లేదు. నియోప్రీన్ అనే ఈ రబ్బరు నురుగులో చిక్కుకున్న సన్నని వాయు బుడగలే వేడిని ఆపుతాయి. 1950ల తొలినాళ్లలో వెట్‌సూట్‌ను రూపొందించిన కాలిఫోర్నియా భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పట్టుకున్న కీలకం కూడా ఇదే: బుడగలు తమ పని చేస్తుంటే ఒళ్లు పొడిగా ఉండనక్కరలేదు. కాకపోతే లోపల చేరిన పలుచని నీటి పొర అక్కడే నిలిచి ఉండాలి. అది బయటికి పోయి దాని స్థానంలో కొత్త నీరు వస్తుంటే, మీ ఒళ్లు సముద్రాన్ని వేడి చేసే పనిలో పడుతుంది.

అందుకే మందం కంటే కొలత ముఖ్యమని నేను గట్టిగా చెబుతాను. నా మొదటి సూట్‌ను చొక్కా సైజు చూసుకుని ఆన్‌లైన్‌లో, తగ్గింపు ధరకు, పురుషుల నమూనాలో కొన్నాను. ఇంట్లో అద్దం ముందు బాగానే ఉంది. హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, కాలు ఆడించిన ప్రతిసారీ నడుము వెనుక ఉన్న ఖాళీలోకి చల్లటి నీరు జరజరా దిగేది. మూడు మిల్లీమీటర్ల సూట్ వేసుకుని, ఏమీ వేసుకోనట్టే వణికాను. స్త్రీల శరీరానికి కత్తిరించిన సూట్ వేరుగా దొరుకుతుంది. నడుము దగ్గర లోపలికి, తుంటి దగ్గర బయటికి ఉండే ఆ తేడాకు కాస్త ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు.

వేసుకుని చూసేటప్పుడు ఏసీ గదిలో చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం ఫ్యాన్ కింద ప్రయత్నిస్తే చెమటకు రబ్బరు చర్మానికి అతుక్కుని, సరైన సైజు కూడా చిన్నదైనట్టు అనిపిస్తుంది. పాదానికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుంటే కాలు సులువుగా జారుతుంది. జిప్ వేశాక గుంజీలు తీసినట్టు కూర్చుని లేవండి, చేతులు పైకెత్తండి, ఊపిరి నిండుగా పీల్చండి. నడుము వెనుక, చంకల కింద, మోకాళ్ల వెనుక రబ్బరు గాలి బుడ్డలా లేస్తే ఆ సూట్ మీది కాదు. ఒంటికి కాస్త బిగుతుగా ఉన్నా ఫరవాలేదు, నీటిలో కొంత సడలుతుంది. మెడ దగ్గర మాత్రం రాజీ వద్దు, ఎందుకంటే అక్కడి రక్తనాళాల మీద ఒత్తిడి పడితే తల తిరిగే ప్రమాదం ఉంది.

ఇక ఈ మూడింటి సంగతి. ఎడమవైపున్నది రెండు మిల్లీమీటర్ల షార్టీ, చేతులు మోచేతి వరకు, కాళ్లు మోకాలి వరకు. 29 డిగ్రీల నీటిలో ఒకటి రెండు డైవ్‌లకు సరిపోయింది కానీ, ముంజేతికి జెల్లీఫిష్ తగిలినప్పుడు దీని పరిమితి బాగా తెలిసింది. మధ్యలోది మూడు మిల్లీమీటర్ల ఫుల్ సూట్. జెల్లీఫిష్, ఎండ, పడవ మీది గీతలు అన్నింటికీ అడ్డం. పైగా స్విమ్‌సూట్‌లో అపరిచితుల మధ్య తిరగడం ఇబ్బందిగా భావించే మా పిన్ని లాంటివారు దీంట్లో హాయిగా పడవెక్కుతారు. కుడివైపున్న అయిదు మిల్లీమీటర్లది వెచ్చని నీటిలో అనవసరపు బరువు. బాలి దగ్గర నూసా పెనీడాలో జూలై నుంచి అక్టోబరు వరకు లోతుల నుంచి చల్లటి నీరు పైకి వచ్చి, ఒక్కోసారి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. అక్కడికి వెళ్తే ఇదే కావాలి. సర్ఫింగ్ సూట్ చవకగా దొరికిందని తెచ్చుకోకండి. దాని రబ్బరు బాగా మెత్తన. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై బుడగలు నలిగినప్పుడు, ఆ మెత్తటి రబ్బరు ఇంకా ఎక్కువ పలుచబడుతుంది.

కుట్ల గురించి ఒక్క మాట. వెచ్చని నీటికి ఫ్లాట్‌లాక్, అంటే రెండు అంచులను కలిపి చదునుగా వేసే కుట్టు చాలు, సూది రంధ్రాల నుంచి వచ్చే నీటి గురించి బెంగ వద్దు. రంగు మీ ఇష్టం.

సూట్ నీటిపై తేలుతుంది కాబట్టి, మునగడానికి డైవర్లు కట్టుకునే సీసపు బరువులు దానికి తగ్గట్టు పెంచాలి. ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లో సరిచూసుకున్న లెక్క సముద్రంలో చెల్లదు, ఎందుకంటే ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు రెండున్నర శాతం బరువు. మనిషీ సామానూ కలిపి వంద కిలోలైతే, సముద్రంలో మరో రెండున్నర కిలోల సీసం కావాలి. డైవ్‌మాస్టర్, అంటే డైవ్‌ను దగ్గరుండి నడిపించే గైడ్ ముందు, పడవ దగ్గరే మళ్లీ సరిచూసుకోండి.

ఏడాదికి రెండు రోజులు డైవ్ చేసేవారు అద్దెకు తీసుకోవడమే మేలు. సాగిపోయిన అద్దె సూట్‌లో ముందు ఎవరు ఏం చేశారో ఆలోచించకుండా ఉండగలగాలి, అంతే. కొన్నవారు మాత్రం ప్రతి రోజూ మంచినీటితో కడిగి, లోపలి వైపు బయటికి తిప్పి, వెడల్పాటి హ్యాంగర్‌కు నీడలో ఆరేయండి. మేడ మీద మే నెల ఎండలో ఆరేస్తే రబ్బరు గట్టిపడుతుంది, కారు డిక్కీలో మరచిపోతే ఇంకా త్వరగా పాడవుతుంది. వానాకాలంలో పూర్తిగా ఆరకముందే మడిచి అల్మరాలో పెడితే బూజు పడుతుంది.

వచ్చే నెల పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం విమానంలో 15 కిలోల సామానులో నాతో వచ్చేది ఆ మధ్య సూటే. అయిదు మిల్లీమీటర్లది, ఆగస్టులో బాలి వెళ్తున్న స్నేహితురాలికి ఇస్తున్నాను, ఆమెకు సరిపోతేనే.