శుక్రవారం ఈమెయిళ్లు: ‘బనాత్ అల్ రియాద్’ నవల రివ్యూ

హాయ్ అండీ, ఈరోజు మాట్లాడుకోబోయే నవల సౌదీ రచయిత్రి రజా అల్‌సానే రాసిన ‘బనాత్ అల్ రియాద్’, అంటే రియాద్ అమ్మాయిలు. 2005లో బేరూత్‌లో అచ్చయింది. సౌదీలో మొదట నిషేధించారు, అయినా జనం చదవడం మానలేదు. అప్పటికి ఆవిడకి పాతికేళ్లు కూడా నిండలేదు!

కథంతా ఈమెయిళ్లలోనే నడుస్తుంది. పేరు చెప్పని ఒకమ్మాయి తన నలుగురు స్నేహితురాళ్ల సంగతులు ప్రతి శుక్రవారం యాహూ గ్రూప్‌లో పెడుతూ ఉంటుంది, పైగా కథ మొదలుపెట్టే ముందు పోయినవారం మెయిల్ చదివి తిట్టినవాళ్లకీ మెచ్చుకున్నవాళ్లకీ జవాబులు కూడా ఇస్తుంది. నాకు బాగా నచ్చింది అదే. లోకం ఏమనుకుంటుందో అన్న భయాన్ని పాత్రల మనసులో ఊరికే వదిలేయకుండా, ఆ లోకాన్నే తెచ్చి కథలో కూర్చోబెట్టింది.

ఆ స్నేహితురాళ్లలో ఒకరైన సదీమ్ సంగతే చూడండి. వలీద్‌తో పెళ్లి ఒప్పందం మీద సంతకాలైపోయాయి, అంటే చట్టప్రకారం భార్యాభర్తలే, ఇంక పెళ్లి వేడుక ఒక్కటే మిగిలింది. ఈలోగా ఒక రాత్రి ఇద్దరూ దగ్గరవుతారు. అంతే, ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఫోన్ లేదు, కబురు లేదు, కొన్నాళ్లకి విడాకుల కాగితం వచ్చి పడుతుంది. ఎందుకని అడిగే నాన్నకి ఆ పిల్ల ఏం చెప్పగలదు? చెబితే తప్పంతా తన నెత్తినే పడుతుందని తెలుసు కదా! ఇంకో స్నేహితురాలు గమ్రాదీ అదే గతి. చికాగోలో భర్తకి ఇంకొకామెతో సంబంధం ఉందని బయటపడ్డాక, కడుపుతో ఉన్న ఆమెనే పుట్టింటికి పంపించేస్తారు.

మగవాడు పంపిన ఒక్క కాగితంతో అంతా తేలిపోతోంది. ఆ అమ్మాయిల వైపు మాట చెప్పడానికి మాత్రం ఇంకో అమ్మాయి పేరు దాచుకుని వారం వారం రాయాల్సి వస్తోంది. ఈ తేడా చూసి నాకు నిజంగా కడుపు మండింది.

లోపాలూ ఉన్నాయి. కథలో పడ్డాక చాలాచోట్ల ఇది మెయిల్ అన్న సంగతే రచయిత్రి మర్చిపోతుంది, మామూలు నవల అధ్యాయంలా సాగిపోతుంది. మగ పాత్రలు పల్చగా ఉన్నాయి. అందరూ డబ్బున్న ఇళ్ల పిల్లలే, కాబట్టి సౌదీ ఆడవాళ్లందరి కథా ఇదే అనుకోకండి. ఇంగ్లిష్ అనువాదం 2007లో వచ్చింది. చదివితే, ప్రతి మెయిల్ మొదట్లో వచ్చే ఆ జవాబుల్ని మాత్రం దాటేయకండి.