తెల్లవారుజామున తాటిపూడి అడవిలో

శ్రోతలకు నమస్కారం.

మన ఉత్తరాంధ్రలో పక్షులనగానే టెక్కలి దగ్గరి తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి గుర్తొస్తాయి. అక్కడ కొంగలు ఊళ్ళోని చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. రోడ్డు పక్కన నిలబడి తీరిగ్గా చూడొచ్చు. అడవి పిట్టలు అలా కనిపించవు. ఆకుల చాటున ఉంటాయి. వాటిని ముందు వినాలి, ఆ తర్వాతే చూడాలి. ఈ రోజు ఆ వినడం గురించి మాట్లాడుకుందాం.

విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం ఉంది. దాన్ని ఆనుకుని తూర్పు కనుమల కొండలు. పిట్టల కోసం అక్కడికి వెళ్ళేవాళ్ళు ఇంకా మసక ఉండగానే చేరుకోవాలి. ఆ వేళ పురుగులు కనిపించేంత వెలుతురు ఉండదు కాబట్టి పిట్టలకు మేత వెతికే పని లేదు. గాలి కదలదు కాబట్టి కూత చాలా దూరం వినిపిస్తుంది. అందుకే మగపిట్టలు ఈ చోటు మాదని చాటడానికి ఆ సమయాన్ని వాడుకుంటాయి. పొద్దెక్కాక మేతలో పడతాయి. ఎండ చురుక్కుమనే వేళకు అడవి చాలావరకు సద్దుమణుగుతుంది.

తొలి కూతల్లో అడవికోడిది ఒకటి. గోదావరికి ఉత్తరాన మన కొండల్లో ఉండేది ఎర్ర అడవికోడి. మన పెరటి కోళ్ళ పూర్వీకురాలు ఇదే. దీని పుంజు ఊరి పుంజులాగే కూత ఎత్తుకుంటుంది గానీ, చివర సాగదీయకుండా టక్కున ఆపేస్తుంది. మర్రిపండ్లు మాగే రోజుల్లో అయితే రాగిబిందె మీద సుత్తితో కొడుతున్నట్టు టుక్ టుక్ మని ఒకే చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. అంత మోత చేసేది పిచ్చుక కంటే కాస్త పెద్దదైన పచ్చపిట్ట. కొమ్మ చివర కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది, దాంతో అది ఎక్కడుందో చెవికి అంతుపట్టదు.

ఇక్కడే దారి చూపే మనిషి విలువ తెలుస్తుంది. ఆ కొండల కిందే పుట్టి, పశువుల వెంట తిరిగి పెరిగిన కుర్రాడైతే మరీ మంచిది. మనకు కలగాపులగంగా వినిపించే సందడిలోంచి అతను ఒక్కో గొంతునూ విడదీసి చెబుతాడు. తోకకు రెండు పొడవాటి తీగలు వేలాడే నల్లపిట్ట ఒకటుంది. మిగతా పిట్టల్లో చాలావాటి కూతలను అచ్చం అలాగే అనుకరిస్తుంది. రకరకాల పిట్టలు గుంపుగా మేస్తుంటే వెంట తిరుగుతూ, డేగ వస్తే ముందుగా కేక పెట్టి హెచ్చరిస్తుంది. ఒక్కోసారి డేగ లేకపోయినా అదే కేక పెడుతుంది! బెదిరిన పిట్ట వదిలేసిన పురుగును తానే అందుకుంటుంది. ఈ గుట్టు తెలిసిన గైడ్ ఆ కేక వినగానే మనల్ని ఆపుతాడు. అది ఉన్నచోట గుంపంతా దగ్గర్లోనే ఉంటుంది మరి.

1930 ప్రాంతంలో వెర్నే సర్వే పేరుతో తూర్పు కనుమల పక్షులను నమోదు చేసినప్పుడు, నమూనాల కోసం పిట్టలను కాల్చి సేకరించేవారు. ఇప్పుడు బైనాక్యులర్ చాలు. 8×42 అని రాసి ఉన్నది కొనండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, మసక వెలుతురులోనూ బాగా పనిచేస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి దాన్ని బయటికి రప్పించడం కొందరికి అలవాటైంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ కూత వినగానే మగపిట్ట తన చోటులోకి మరో మగపిట్ట వచ్చిందనుకుంటుంది. గూడునీ మేతనీ వదిలి, లేని శత్రువు కోసం వెతుకుతుంది. గైడ్ తనంతట తాను ఫోన్ తీసినా వద్దనండి. ఫొటో దొరక్కపోయినా అతనికి ఇవ్వాల్సిన డబ్బులు పూర్తిగా ఇవ్వండి. ఫొటో దొరికితేనే మెప్పు, మామూలు అని మనం అలవాటు చేయబట్టే చాలామంది గైడ్లు ఆ ఫోన్ తీస్తున్నారు.