ఫోన్-ఇన్: వేరే రాష్ట్రం కారు, విదేశీ కారు మన నంబర్‌కి మారాలంటే

యాంకర్: నమస్కారం. ఈ వారం మాకొచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకే విషయం మీద ఉన్నాయి. పక్క రాష్ట్రంలోనో ఢిల్లీలోనో కొన్న పాత కారు, లేదంటే విదేశం నుంచి వచ్చిన పాత కారు, ఇక్కడ రిజిస్ట్రేషన్ ఎలా చేయించుకోవాలని. రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన సార్ స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం. హలో?

ఖమ్మం కాలర్: హలో మేడమ్, ఖమ్మం నుంచి. నమస్తే సార్. ఢిల్లీలో మా ఫ్రెండ్ ఒక డీలర్ దగ్గర డీజిల్ ఎస్‌యూవీ చూశాడు సార్. తొమ్మిదేళ్ల బండి, కొత్తప్పుడు 16 లక్షలట, ఇప్పుడు 4 లక్షలకే ఇస్తామంటున్నారు. ఇక్కడ అదే మోడల్ 7 లక్షలకు తగ్గట్లేదు. తెచ్చుకుని ఓ ఏడాది ఢిల్లీ నంబర్ మీదే తిప్పి, తర్వాత మార్పించుకుందామని ఆలోచన. 12 నెలలు టైమ్ ఉంటుంది కదా సార్?

సార్: ఆ 12 నెలలు నీకు వర్తించవు బాబూ. చాలామంది ఇక్కడే పొరపడతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లో 12 నెలల మాట ఉంది, నిజమే. కానీ అది సొంత బండితో ఉద్యోగం మీదో చదువు మీదో ఇంకో రాష్ట్రానికి వెళ్లిన ఓనర్ గురించి. నువ్వు బండి కొంటున్నావు. కొన్నవాడికి 50వ సెక్షన్, 30 రోజుల్లో ఓనర్ పేరు మార్పించుకోవడానికి అప్లై చేసుకోవాలి. ఏడాదిపాటు వేరేవాళ్ల పేరు మీదున్న బండి తిప్పుతూ యాక్సిడెంట్ అయిందనుకో, అమ్మినవాడికి, నీకు, ఇన్సూరెన్స్ కంపెనీకి మధ్య నలిగేది నువ్వే.

ఖమ్మం కాలర్: సరే సార్, అయితే తేగానే మార్పించుకుంటాను. ఖర్చు ఎంతవుతుంది?

సార్: అక్కడికే వస్తున్నా. ఆ బండి ఢిల్లీలో ఎందుకంత చవక? అక్కడ డీజిల్‌కి 10 ఏళ్లు, పెట్రోల్‌కి 15 ఏళ్లు దాటితే రోడ్డు మీదికి రాకూడదని పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తర్వాత కోర్టులో వాదనలు చాలా నడిచాయి గానీ, తొమ్మిదేళ్లు నిండిన డీజిల్ బండి ఉన్నవాడికి ఆ భయం పోలేదు, అందుకే వచ్చిన రేటుకి వదిలించుకుంటాడు. అందులో మోసమేమీ లేదు, బండి మంచిదే కావచ్చు. కానీ అక్కడ కట్టిన రోడ్ ట్యాక్స్ బండి వెంట రాదు. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్ కట్టాలి, అదీ నువ్వు కొన్న 4 లక్షల మీద కాదు, కొత్తప్పటి 16 లక్షల ధర మీద. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది, కానీ లెక్క మొదలయ్యేది ఆ 16 లక్షల దగ్గరే. లక్ష దాటుతుందనే అనుకుని లెక్క వేసుకో. డబ్బు ఇవ్వకముందే పాత ఇన్వాయిస్ కాపీ, ఆర్సీ కాపీ పట్టుకుని ఖమ్మం ఆర్టీఏ ఆఫీసులో ఎంత అవుతుందో అడుగు.

ఖమ్మం కాలర్: లక్షా... అది డీలర్ చెప్పలేదు సార్.

సార్: డీలర్ ఎందుకు చెబుతాడు? ఇంకోటి కూడా ఉంది, నంబర్ కొత్తది వచ్చినా బండి వయసు కొత్తది కాదు. 15 ఏళ్ల లెక్క మొదటిసారి ఢిల్లీలో రిజిస్టరైన రోజు నుంచే నడుస్తుంది. అంటే నీకు మిగిలేది ఆరేళ్లు, ఆపైన ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇవన్నీ కలిపినా లాభమే అనిపిస్తే కొనుక్కో, నేను వద్దనను. కానీ ఎన్ఓసీ, అంటే బండి వేరే చోటికి మారడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆఫీసు ఇచ్చే కాగితం, చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వు. ఫారం 28 మీద ఇచ్చే ఆ ఎన్ఓసీలో ఏ ఆఫీసుకి బండి వెళ్తోందో రాస్తారు, అక్కడ ఖమ్మం అనే ఉండాలి. డీలర్ అలవాటు కొద్దీ హైదరాబాద్ అని రాయిస్తాడు, తర్వాత దాన్ని మార్పించడానికి నువ్వు ఢిల్లీ చుట్టూ తిరగాలి. బ్యాంకు లోన్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు క్లియరెన్స్ లెటర్ ముందే రావాలి. చలాన్లు పెండింగ్‌లో ఉంటే ఎన్ఓసీ ఆగిపోతుంది, అదీ చూసుకో. పదేళ్లు నిండేదాకా మాత్రం ఆగకు, ఆ లోపే ఎన్ఓసీకి అప్లై చేయించు.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి ఫోన్ నల్గొండ నుంచి.

నల్గొండ కాలర్: సార్, మాది ఏపీ 24 నంబర్, 2012 కారు. ఇప్పుడు టీజీ నంబర్ వస్తోంది కదా, మార్చుకోకపోతే ఫైన్ వేస్తారని మా ఊళ్లో ఒకాయన అంటున్నాడు. నిజమేనా?

సార్: కాదు బాబూ. రాష్ట్రం విడిపోక ముందు నల్గొండలో రిజిస్టరైన బండి అది, ఆ నంబర్‌తోనే తిప్పుకోవచ్చు. 2014 తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ, అవి కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకి. నీది పాత నంబరే ఉండనీ, 15 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో మాత్రం ఆర్సీలో చూసి పెట్టుకో.

యాంకర్: జగిత్యాల నుంచి ఇంకో ఫోన్. చెప్పండి.

జగిత్యాల కాలర్: నమస్తే సార్. మా బావ దుబాయ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాడు, ఇగ వచ్చేస్తున్నాడు. అక్కడ వాడుతున్న కారు మీద ఆయనకి బాగా మనసు. షిప్‌లో వేసి తెచ్చుకుంటా, జగిత్యాలలో నంబర్ చేయించు అని నన్ను అడుగుతున్నాడు. అయితదా సార్?

సార్: కాదు, ఈ విషయం బావకి ఈ రోజే చెప్పండి, షిప్పింగ్ వాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకముందే. దుబాయ్ కారు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. పాత కారు దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలని మన విదేశీ వాణిజ్య విధానంలో స్పష్టంగా రాసి ఉంది. అమెరికా నుంచి వచ్చేవాళ్లకీ ఇదే అడ్డం. గల్ఫ్‌లో మనవాళ్లు ఎన్నో ఏళ్లు కష్టపడి ఇష్టంగా కొనుక్కున్న బండి, వదిలి రావాలంటే బాధే, నాకు తెలుసు. కానీ ముంబయి రేవులో అది ఆగిపోతే రోజురోజుకీ గోదాం అద్దె పెరుగుతుంది, ఆ బాధ ఇంకా ఎక్కువ.

జగిత్యాల కాలర్: మరి లండన్ కార్లు కుడివైపే కదా సార్, అవి తేవచ్చా?

సార్: స్టీరింగ్ ఒక్కటే కాదుగా షరతు. కారు తయారై మూడేళ్లు దాటకూడదు. దించేది ముంబయి రేవులోనే, చెన్నైలోనో విశాఖలోనో కుదరదు. ఇంకా ఐదేళ్లు రోడ్డు మీద నడిచే కండిషన్‌లో ఉందని అక్కడి నుంచే సర్టిఫికెట్ రావాలి, ఇక్కడికి వచ్చాక పుణెలో బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థలో టెస్టు కావాలి. ఇవన్నీ దాటినా కస్టమ్స్ సుంకమే కారు విలువను మించిపోతుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ, ఆ తర్వాత మన రాష్ట్రం లైఫ్ ట్యాక్స్. బ్యాగేజీ కింద సామానుతోపాటు ఫ్రీగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, కారుకి ఆ మినహాయింపు లేదు.

జగిత్యాల కాలర్: బావ వాళ్ల దోస్తు ఒకాయన తెచ్చిండట సార్, కార్నెట్ మీద అని ఏదో...

సార్: అది టూరిస్టుల కోసం. కొన్నాళ్లు ఇక్కడ తిప్పుకుని, గడువులోగా బండిని దేశం బయటికి తీసుకెళ్లిపోతానని హామీ ఇచ్చి తెచ్చే పద్ధతి. దాని మీద వచ్చిన బండికి ఇక్కడ నంబర్ రాదు, అమ్మడానికీ లేదు. ఆ దోస్తు బండి ఇంకా ఇక్కడే ఉంటే ఆయనకీ ఓ మాట చెప్పండి.

యాంకర్: గుంటూరు నుంచి ఒక మేడమ్ లైన్‌లో ఉన్నారు.

గుంటూరు కాలర్: నమస్కారమండీ. మావారు ప్రభుత్వ రంగ బ్యాంకులో చేస్తారు. హైదరాబాద్‌లో ఉండగా కారు కొన్నాం, టీఎస్ నంబర్. మొన్న వేసవిలో గుంటూరు ట్రాన్స్‌ఫర్ అయింది. మూడేళ్లకో నాలుగేళ్లకో మళ్లీ ఎక్కడికో వేస్తారు. వెళ్లిన ప్రతిచోటా లైఫ్ ట్యాక్స్ కట్టాలంటే మా వల్ల కాదండీ, ఏం చేయమంటారు?

సార్: అమ్మా, ఇందాక ఖమ్మం బాబుకి చెప్పిన 12 నెలలు అసలు మీలాంటి వాళ్ల కోసం. ఏడాది లోపు మీ టీఎస్ నంబర్‌తో నిశ్చింతగా తిరగండి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ కాపీ బండిలో పెట్టుకోండి, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో బండి ఏ తేదీన ఆంధ్రాలోకి వచ్చిందో కనబడుతుంది, అదీ పనికొస్తుంది. ఏడాది దాటితే మాత్రం ఏపీ నంబర్ తీసుకోవాల్సిందే.

గుంటూరు కాలర్: మరి హైదరాబాద్‌లో కట్టిన డబ్బు పోయినట్టేనా?

సార్: అంతా పోదమ్మా. ఇక్కడ కొత్త నంబర్ వచ్చాక ఆ ఆర్సీ కాపీ పెట్టి అక్కడ రీఫండ్‌కి అప్లై చేయొచ్చు, వాడిన కాలం పోను మిగిలింది ఇస్తారు. తిరగాల్సి వస్తుంది, అది నిజం. జనం విసిగిపోయి వదిలేస్తున్నారు, వదలకండి, అది మీ డబ్బు. అయితే మీకు ఇంకో మంచి దారి ఉంది, బీహెచ్ సిరీస్. 2021 సెప్టెంబరు నుంచి కేంద్రం తెచ్చింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకు, నాలుగైనా అంతకన్నా ఎక్కువైనా రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఇస్తారు. మామూలు నంబర్ ఉన్న కారును కూడా బీహెచ్‌కి మార్చుకోవచ్చని తర్వాత సవరణ చేశారు. అందులో ట్యాక్స్ రెండేళ్లకోసారి కడతారు, రాష్ట్రం మారినా నంబర్ మారదు. మీవారి బ్యాంకు ఐడీ కార్డు తీసుకుని గుంటూరు ఆఫీసులో అడగండి. మాటిమాటికీ ట్రాన్స్‌ఫర్లయ్యే ఉద్యోగులు కారు కొన్న రోజే దీని గురించి అడగాలి, షోరూమ్ వాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

యాంకర్: చివరి ఫోన్ హైదరాబాద్ నుంచి.

హైదరాబాద్ కాలర్: సార్, నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. ఇంపోర్టెడ్ ఎస్‌యూవీ ఒకటి, పాతదే, నంబర్ అరుణాచల్‌ది. బయట రేటులో సగానికే ఇస్తున్నారు. ఎన్ఓసీ తెప్పిస్తాం, టీజీ నంబర్ మేమే చేయిస్తాం అంటున్నారు. నేను 2 లక్షలు అడ్వాన్స్ కూడా ఇచ్చాను.

సార్: మిగతాది ఇవ్వకు, ముందు నేను చెప్పేది విను. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు పెద్ద ఎత్తున సోదాలు చేశారు, పేపర్లలో వచ్చింది. భూటాన్ నుంచి దొంగదారిన వచ్చిన పాత విదేశీ కార్లకి దొంగ కాగితాలతో వేరే రాష్ట్రాల్లో నంబర్లు తీసుకుని, అక్కడి నుంచి ఇటువైపు అమ్మారన్నది కేసు. నువ్వు చూసిన బండి అలాంటిదని నేను అనట్లేదు. కానీ ఆర్సీ ఉంది, నంబర్ ఉంది, ఆన్‌లైన్‌లో కనబడుతోంది అంటే సరిపోదు. మొదటి రిజిస్ట్రేషనే దొంగ కాగితం మీద జరిగితే, ఆ తర్వాత ఎన్ని రాష్ట్రాలు మారినా ఆ మచ్చ పోదు.

హైదరాబాద్ కాలర్: మరి ఎలా తెలుసుకోవాలి సార్?

సార్: బిల్ ఆఫ్ ఎంట్రీ అడుగు, అంటే బండి దిగుమతి అయినప్పుడు కస్టమ్స్‌లో పెట్టిన కాగితం. విదేశీ బండికి మొదటి రిజిస్ట్రేషన్ అప్పుడు కస్టమ్స్ క్లియరెన్స్ కాగితం పెట్టాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 47వ నిబంధన చెబుతుంది. అంటే సక్రమంగా వచ్చిన ప్రతి బండికీ ఆ కాగితం ఉండి తీరాలి. దాని మీద నంబర్, తేదీ, రేవు పేరు ఉంటాయి. వాటితో ఐస్‌గేట్ అనే కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. పోయిందనో, పాత ఓనర్ దగ్గర ఉండిపోయిందనో అంటే బేరం అక్కడితో ఆపెయ్.

హైదరాబాద్ కాలర్: కాగితం చూపిస్తే?

సార్: అప్పుడు బండి దగ్గరికి వెళ్లు, పగటి పూట. బానెట్ ఎత్తి చాసిస్ నంబర్ చెక్కిన చోటు కనుక్కో. దాని మీద సన్నటి తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు, మేము ఇన్‌స్పెక్షన్‌లో తీసే ప్రింట్ అదే. అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో రావాలి. ఒక అంకె కాస్త కిందికి జారినా, చుట్టూ ఇనుము అరగదీసినట్టు గీతలు పడినా, ఆ జానెడు చోట మాత్రమే రంగు కొత్తగా మెరుస్తున్నా అనుమానించు. తర్వాత సీటు బెల్టు మొత్తం బయటికి లాగు, చివర కుట్టిన చిన్న గుడ్డ ముక్క మీద తయారైన తేదీ ఉంటుంది. అది ఆర్సీలోని తయారీ సంవత్సరానికి దగ్గరగా ఉండాలి. చాలా తేడా ఉంటే బెల్టు మార్చారా, బండి వయసే మార్చారా అని అడుగు. మూడేళ్ల లోపు బండి అని చూపించడానికి తేదీ దిద్దే అవకాశం ఉంటుంది కాబట్టి చెబుతున్నా.

హైదరాబాద్ కాలర్: ఒకవేళ తెలియక కొనేస్తే నా తప్పు లేదు కదా సార్?

సార్: తప్పు నీదా కాదా అన్నది తర్వాతి విచారణ. ముందు కారు జప్తు చేస్తారు. డబ్బు ఇచ్చింది నువ్వు, కారు పోయేది నీ ఇంటి ముందు నుంచి, అమ్మినవాడి ఫోన్ అప్పటికే స్విచాఫ్.

హైదరాబాద్ కాలర్: అడ్వాన్స్ తిరిగి ఇవ్వమంటే గొడవ చేస్తారేమో.

సార్: ఆ డబ్బు ఆన్‌లైన్‌లో పంపావా?

హైదరాబాద్ కాలర్: అవును సార్, యూపీఐలో, వాళ్ల కంపెనీ అకౌంట్‌కి.

సార్: మంచిది, రుజువు ఉంది. ఈ రోజే వాళ్లకి మెసేజ్ పెట్టు, ఫోన్‌లో మాటలు కాదు, రాతపూర్వకంగా. బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం కట్టిన రసీదు, అరుణాచల్‌లో మొదటి రిజిస్ట్రేషన్‌కి పెట్టిన కాగితాల కాపీలు పంపితేనే ముందుకెళ్తాను, లేదంటే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వండి అని. ఎన్ఓసీ వాళ్లు తెప్పించడం కాదు, ఆ ఎన్ఓసీ నంబర్ పట్టుకుని అక్కడి ఆఫీసుకి మెయిల్ పెట్టి నిజంగా వాళ్లే ఇచ్చారా అని నువ్వు కన్ఫర్మ్ చేసుకో. ఎన్ఓసీ ఇచ్చే ముందు ఆ బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల రిపోర్టు తీసుకోవాలని 48వ సెక్షన్ చెబుతుంది, ఆ రిపోర్టు కాపీ కూడా అడుగు. నిజాయతీగా అమ్మేవాడైతే ఇవన్నీ ఒక్క రోజులో పంపుతాడు. డబ్బు వెనక్కి ఇవ్వకుండా సతాయిస్తే ఆ మెసేజ్‌లు, యూపీఐ రసీదు తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లు.

హైదరాబాద్ కాలర్: సరే సార్. ఇప్పుడే పెడతాను.

యాంకర్: పెట్టండి. సార్, ధన్యవాదాలు. ఫోన్ కలవనివాళ్లు ప్రశ్నలు మెసేజ్‌లో పంపండి, వచ్చే వారం చదువుతాం.