పంటి బిగువు

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పరీక్ష. ఎలా కూర్చున్నవారు అలాగే ఉండండి. మీ పై పళ్ళు, కింది పళ్ళు ఇప్పుడు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా? ఉంటే ఈ ప్రసంగం మీ కోసమే.

నోరు మూసుకుంటే పళ్ళూ కలిసే ఉండాలని చాలామంది అనుకుంటారు. పెదవులు కలవాలి గానీ పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప వాటికి ఒకదానితో ఒకటి పనిలేదు. ఆ సమయమంతా కూడినా రోజుకి అరగంట దాటదు. మనమేమో టెన్షన్ వచ్చిన ప్రతిసారీ, కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ బిగబట్టే ఉంటాం. బాధని పంటి బిగువున భరించాడు అంటాం చూడండి, దవడ కండరాలకి అది అక్షరాలా నిజం.

చెవికి కాస్త ముందు వేలు పెట్టి, నోరు తెరిచి మూయండి. అక్కడ కదిలేదే దవడ కీలు. తలుపు బందులా తిరిగి ఊరుకోదు, నోరు పెద్దగా తెరిస్తే ముందుకి జారుతుంది కూడా. రెండు ఎముకల మధ్య చిన్న మెత్తటి బిళ్ళ ఉంటుంది. అది పక్కకి తప్పుకుని, నోరు తెరిచినప్పుడు మళ్ళీ చోటులోకి వస్తే ‘టక్’మంటుంది. నొప్పి లేకుండా ఆ చప్పుడు ఒక్కటే ఉంటే వైద్యం అక్కర్లేదు. ఈ మాట చెబితే కొందరు నిరాశపడిపోతారు!

కీలు నొప్పి అనుకుని వచ్చేవాళ్ళలో చాలామందికి నొప్పి కండరాలది. పళ్ళు కొరుకుతూ కణతల మీద చెయ్యి పెట్టుకోండి, ఉబికే కండరం తెలుస్తుంది. కొందరు పొద్దున్నే తలనొప్పితో లేవడం అందుకే. 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు తప్పంతా పళ్ళ అమరికదే అన్నాడు. ఆ నమ్మకంతో దశాబ్దాల పాటు మా పంటి డాక్టర్లు బాగున్న పళ్ళని కూడా అరగదీశారు. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ఇవాళ ఎవరైనా మొదటి రోజే పళ్ళు అరగదీద్దామంటే ఇంకొక డాక్టర్ని అడగండి.

ఇక రాత్రి నిద్రలో పళ్ళు కొరకడం. నిద్ర కాస్త పలచబడి, గుండె వేగం పెరిగి, ఆ వెంటనే దవడ కదులుతుంది. పక్కవాళ్ళు తట్టి లేపి కోప్పడితే ఏం లాభం? పిల్లలు కొరికితే కడుపులో పురుగులంటారు గానీ, చాలామందికి పెరిగేకొద్దీ దానంతటదే పోతుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా ఇది రావచ్చు, అలాగని మీరే ఆపెయ్యకండి. గురక, పగలంతా మత్తు కూడా ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్ళకి పెట్టుకునే తొడుగు సంగతి అడుగుతారు. గొడుగు వానని ఆపదు కదా! అది పళ్ళని కాపాడుతుంది, కొరకడాన్ని మాన్పదు.

మన చేతిలో ఉన్నది పగటి బిగువు. ‘న’ అనండి. నాలుక కొసని అక్కడే ఉంచి దవడ వదిలెయ్యండి. ఫోన్ మోగిన ప్రతిసారీ ఒకసారి చూసుకోండి. నొప్పిగా ఉన్న రోజుల్లో వేడి కాపడం పెట్టుకోండి, మెత్తటివి తినండి, చూయింగ్ గమ్ మానండి.

నోట్లో 3 వేళ్ళు నిలువుగా పట్టకపోయినా, దవడ పట్టేసినా వచ్చి చూపించుకోండి. 50 దాటినవారికి నమిలితే దవడ కొత్తగా నొప్పెట్టి, కణతలు పోటుపెట్టి, చూపు మసకబారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మెట్లెక్కుతుంటే దవడ లాగి, గుండె బరువెక్కితే మాత్రం నా దగ్గరికి రాకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.