డెల్టాలో ఆరుబయటి చెక్కకు పూత

అందరికీ నమస్కారం. వడ్రంగి మేస్త్రీలు, పెయింటర్లు, పాత మండువా లోగిళ్ళను నిలబెట్టుకోవాలని చూస్తున్న ఇంటివాళ్ళు ఒక్కచోట కూర్చున్నారు కాబట్టి అందరూ చూసిన దానితోనే మొదలుపెడతాను.

వీధి తలుపుకి వార్నిష్ వేయిస్తారు. సంక్రాంతికి అద్దంలా మెరుస్తుంది. రెండు వానాకాలాలు దాటేసరికి అడుగున పొలుసులు లేస్తాయి. ఆ పొలుసు ఒకటి గోటితో తీసి వెనక్కి తిప్పి చూడండి. సన్నటి చెక్క నూగు అంటుకుని ఉంటుంది. అంటే వార్నిష్‌తో పాటు చెక్క పైపొర కూడా ఊడి వచ్చిందన్నమాట.

చెక్కలో పీచుని పట్టి ఉంచేది లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి. రంగులేని వార్నిష్ ఆ కిరణాలను చాలావరకు లోపలికి పోనిస్తుంది, కింద పట్టు సడలుతుంది, పొర పగులుతుంది. పగుల్లోంచి దిగిన వాన నీరు మళ్ళీ బయటికి రావడానికి దారి ఉండదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే పుచ్చు మొదలవుతుంది. మన దగ్గర జూన్ నుంచి నవంబరు దాకా తడి ఆరేదే తక్కువ.

అందుకే ఎండా వానా తగిలే చోట చెక్కలోకి ఇంకే, రంగున్న, బూజు మందు కలిసిన ఆయిల్ స్టెయిన్ వాడమంటాను. అందులోని ఐరన్ ఆక్సైడ్ రంగు ఎండని అడ్డుకుంటుంది. మందంగా పొర కట్టదు కాబట్టి పొలుసులు లేవవు, వెలుస్తుందంతే. మెలమైన్ పాలిష్ ఇంట్లో సామానుకే. ఒట్టి అవిసె నూనె రాస్తే ఈ తేమకి నల్ల మచ్చలు వస్తాయి, ఆ నూనే బూజుకి మేత.

పూత కన్నా ముఖ్యమైనది కోత ముఖం. స్తంభం అడుగు, తలుపు రెక్క కింది అంచు, వాసం కొస, వీటిలో పీచు గొట్టాలు నోరు తెరుచుకుని ఉంటాయి. పక్క తలం కంటే ఎన్నో రెట్లు నీరు తాగుతాయి. రెక్క బిగించాక కింది అంచుకి బ్రష్ దూరదు, అందుకే చాలా తలుపులు అక్కడే పుచ్చుతాయి. బిగించక ముందే ఆ కొసలకి పూత తాగినంతా తాగించండి. తడి ఆరకుండానే ఒకదాని మీద ఒకటిగా మూడుసార్లు. స్తంభం అడుగు సిమెంటులో పాతొద్దు, రాతి దిమ్మ మీద నిలబెట్టండి.

టేకులోనైనా చేవకే, అంటే నడిమి ముదురు చెక్కకే బలం, అంచున ఉండే తెల్లచెక్కని చెదలు వదలవు. అలాంటి చెక్కకి 10 లీటర్ల వేడి నీళ్ళలో 360 గ్రాముల బోరాక్స్, 240 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి రెండు మూడు సార్లు పట్టించి బాగా ఆరనివ్వాలి. వానకి కరిగి పోతుంది గనక పైన పూత తప్పదు, నేలని తాకే చెక్కకి ఇది చాలదు. ఆ నీళ్ళు పిల్లలకీ పశువులకీ అందకుండా చూడండి.

పనికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మంచి కాలం. చెక్క తేమ కొలిచే మీటరులో 16 శాతం లోపు ఉండాలి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళ వైపైతే ముందు మంచినీళ్ళతో ఉప్పు కడిగి ఆరబెట్టండి. నెరిసిన పొర పోయేదాకా 80 నంబరు, తర్వాత 120 నంబరు సాండ్ పేపరుతో రుద్దండి. అంతకన్నా నునుపు చేస్తే స్టెయిన్ ఇంకదు. పదునైన అంచుల మీద పూత నిలవదు, కాస్త గుండ్రం చేయండి. టేకుకి నూనె ఉంటుంది, పూసే ముందే థిన్నరు గుడ్డతో తుడవాలి. పడమటి గోడ వైపు పొద్దున, తూర్పు వైపు మధ్యాహ్నం, అంటే నీడ వెంబడి పని సాగాలి. మొదటి పూత పెట్టిన పావుగంటకి ఇంకకుండా మిగిలింది తుడిచేయండి, లేకపోతే జిగురుగా ఉండిపోతుంది. మర్నాడు రెండోది. మేకులు ఇనుపవి వద్దు. టేకులో, తుమ్మలో ఉండే టానిన్‌తో కలిసి నల్లచారలు కడతాయి. ఇత్తడి స్క్రూలు గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడండి.

ఏటా వానలు వెళ్ళాక కిటికీ చట్రం చెక్క మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. ముత్యాల్లా నిలిస్తే సరే. ఇంకి చెక్క నల్లబడితే కడిగి, ఆరబెట్టి, ఒక పూత వేస్తే చాలు.

తుడిచిన నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. పని అయిన వెంటనే బకెట్ నీళ్ళలో ముంచండి, లేదా దండెం మీద విడివిడిగా పరచండి.