పాత స్పోర్ట్స్ కారుకు కొత్త చక్రాలు: జర్మనీలో మిల్లీమీటర్ల లెక్క

అందరికీ నమస్కారం. మా ఎర్ర కారుకు చక్రాలు మారుస్తున్నానని చెప్పిన దగ్గర నుంచి మా బావగారు ఫోను చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "టైర్ల షాపుకు వెళ్లి నచ్చిన అలాయ్ వీల్స్ బిగించుకుని రావడానికి ఇన్ని వారాలు ఎందుకోయ్?" ఫోనులో చెప్పడం మొదలుపెడితే ప్రతిసారీ పిల్లల చదువుల్లోకో పెళ్లి కబుర్లలోకో మాట మళ్లిపోతోంది కాబట్టి, ఈ వీడియో మొత్తాన్ని ఆయన ప్రశ్నకు సమాధానంగానే చేస్తున్నాను. మన దగ్గర చక్రాల బేరం షాపువాడికీ మనకూ మధ్య తేలిపోతుంది. ఇక్కడ జర్మనీలో ఆ బేరంలో మూడో మనిషి కూడా ఉంటాడు. ఆయన తనిఖీ ఇంజనీరు, ఆయన సంతకం పడేదాకా చక్రం మనదైనా రోడ్డు మనది కాదు.

ముందుగా బండి సంగతి. 1989లో షికాగో ఆటో షోలో లోకానికి పరిచయమైన మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం కారు ఇది. నాది 1993లో రిజిస్టర్ అయింది. 1.6 లీటర్ల ఇంజను, వెనుక చక్రాలకు శక్తి, రెండే సీట్లు, మడిచి వెనక్కి వేసుకునే గుడ్డ టాపు. దక్షిణ జర్మనీలోని ష్వేబిషె ఆల్బ్ కొండల మలుపుల్లో ఈ బండి నడుపుతుంటే పక్క సీటులో మనవాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుండునని అనిపించని ఆదివారం లేదు, అందుకే ఆ సీటు మీద కెమెరా పెట్టి మీకు చూపిస్తూ ఉంటాను. కంపెనీ ఇచ్చిన చక్రం వ్యాసం 14 అంగుళాలు, వెడల్పు 5.5 అంగుళాలు, టైరు సైజు 185/60 ఆర్14. ఆ చక్రాలకు ఏ లోపమూ లేదు. అయితే రోడ్డును గట్టిగా పట్టుకునే మంచి టైర్లు 14 అంగుళాలలో దొరకడం రానురాను తగ్గిపోయింది, 15 అంగుళాలకు వెళితే ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. నేను చక్రాలు మార్చడానికి అసలు కారణం అదే. అందం ఆ తరువాతి మాట.

ఇక్కడి ఆర్‌సీ లాంటి కాగితంలో 15.1, 15.2 అనే గళ్లు ఉంటాయి. ముందు ఇరుసుకు ఏ టైరు, వెనుక ఇరుసుకు ఏ టైరు అన్నది అక్కడ అచ్చు వేసి ఉంటుంది. దానికి భిన్నమైన చక్రం బిగించాలంటే ఆ చక్రానికి 'ఆ-బే-ఏ' అనే సాధారణ అనుమతి పత్రమో, 'గూటాఖ్‌టెన్' అనే సాంకేతిక నివేదికో తోడుగా ఉండాలి. ఆ నివేదికలో కార్ల పట్టిక ఉంటుంది, ప్రతి కారు ఎదురుగా ఏయే టైరు సైజులు పెట్టవచ్చో ఉంటుంది, దాని పక్కన అక్షరమూ అంకే కలిసిన చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. ఆ గుర్తుల అర్థాలు చివరి పేజీల్లో వెతికి చదువుకోవాలి: ఒకటి ఫెండరు, అంటే చక్రం పైన కప్పి ఉండే బాడీ రేకు, లోపలి అంచు మడవాలంటుంది, ఇంకొకటి బిగించాక తనిఖీ కేంద్రానికి తీసుకురమ్మంటుంది. చక్రం ఫొటో చూసి మనసు పారేసుకునే ముందు ఈ పేజీలు చదవమని నా గట్టి సలహా, ఎందుకంటే అనుమతి లేని మార్పు వల్ల ప్రమాదం కలిగే అవకాశం ఉంటే బండికి ఉన్న నడిపే అనుమతే చెల్లకుండా పోతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 185/60 ఆర్14 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111. పైన ఒక గోడ, కింద ఒక గోడ, మధ్యలో 14 అంగుళాల రిమ్ము కలిపితే మొత్తం వ్యాసం 577.6 మిల్లీమీటర్లు వస్తుంది. నేను ఎంచుకున్న 195/50 ఆర్15కు ఇదే లెక్క వేస్తే 576 వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు కాబట్టి స్పీడోమీటరు, గేర్ల తీరు, బండి ఎత్తు అన్నీ దాదాపు ఉన్నచోటే ఉంటాయి. 205/50 ఆర్15 అయితే 586, అంటే ఒకటిన్నర శాతం పెద్దది. మా బావగారు ముచ్చటపడిన 17 అంగుళాల చక్రానికి 205/40 టైరు వేస్తే 595.8 అవుతుంది, మూడు శాతం దాటిపోయింది. ఐరోపా నియమం ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కంటే కొంత ఎక్కువ చూపవచ్చు గాని తక్కువ మాత్రం ఎన్నడూ చూపకూడదు. టైరు పెద్దదయ్యే కొద్దీ ముల్లు వెనకబడుతుంది, అప్పుడు మీటరు సరిగ్గా ఉందని విడిగా నిరూపించవలసి రావచ్చు.

వ్యాసం లెక్క అందరూ వేస్తారు. అసలు పట్టు ఆఫ్‌సెట్‌లో ఉంది, దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. ఆ గీత నుంచి, చక్రం హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో అదే ఆఫ్‌సెట్. ఇక్కడ చక్రాల మీద ఈటీ అని పోతపోసి ఉంటుంది. నా పాత చక్రం ఈటీ 45. కొత్తది 6.5 అంగుళాల వెడల్పు, ఈటీ 38. పాత చక్రంలో సగం వెడల్పు 69.85, అందులో 45 తీసేస్తే హబ్బు ముఖం నుంచి బయటికి 24.85 మిల్లీమీటర్లు ఉంది. కొత్త చక్రంలో సగం వెడల్పు 82.55, అందులో 38 పోతే 44.55. అంటే బయటి అంచు దాదాపు 20 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది. లోపలివైపు పాతది 114.85, కొత్తది 120.55, సస్పెన్షన్ వైపు దాదాపు 6 మిల్లీమీటర్లు జరిగింది. ఈ రెండు అంకెలూ చేతిలో ఉంటే ఫెండరుకు తగులుతుందా, లోపల ఏదైనా రాసుకుంటుందా అన్నది స్కేలు పట్టుకుని బండి దగ్గరే కూర్చుని తేల్చుకోవచ్చు.

ఇలాంటి కార్లకు 7 అంగుళాల వెడల్పు, ఈటీ 35 చక్రం వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, చూడటానికి చాలా బాగుంటుంది కూడా. దానితో బయటి అంచు 29 మిల్లీమీటర్లు జరుగుతుంది. చక్రం బయటికి వెళ్లే కొద్దీ స్టీరింగు తత్వం మారుతుంది. లారీలు తొక్కి గాళ్లు చేసిన రోడ్డు మీద ఆ గాడి వెంటే బండి లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు స్టీరింగు చేతిలో మెలిక తిరుగుతుంది. ఈ కారు గొప్పతనమంతా దాని తేలికైన, సూటి స్టీరింగులోనే ఉందని నేను నమ్ముతాను. అందుకే వెడల్పు దగ్గర నేను ఆశ తగ్గించుకున్నాను.

మిగతా కొలతలు త్వరగా చెప్పేస్తాను. నట్లు నాలుగు, అవి కూర్చునే వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. హబ్బు వ్యాసం 54.1, బయట కొనే చక్రాల మధ్య రంధ్రం సాధారణంగా పెద్దదిగా ఉంటుంది కాబట్టి ఆ సందును పూరించే ఉంగరం వేయాలి, లేకపోతే చక్రం కేంద్రంలో కూర్చోక వేగం మీద స్టీరింగు వణుకుతుంది. టైరు మీద 82వీ అని ఉంది: 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదని, వీ అంటే గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకోగలదని. వేగ పరిమితి లేని ఆటోబాన్ భాగాలు ఉన్న దేశంలో ఈ అక్షరాన్ని ఎవరూ అలంకారంగా చూడరు. తయారీ తేదీ కూడా చూడండి. టైరు పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే అంకెల చివర 3024 ఉంటే 2024లో 30వ వారంలో తయారైందని. పాత స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు మీది గాళ్ల లోతు నిండుగా కనిపిస్తుంది గాని రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది.

నా బండికి ఇంకో షరతు కూడా ఉంది. 30 ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న కార్లకు ఇక్కడ నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తారు, అప్పుడు ఏడాది పన్ను ఏ ఇంజను అయినా 191.73 యూరోలే. యూరోను స్థూలంగా వంద రూపాయలుగా వేసుకుంటే పంతొమ్మిది వేల చిల్లర. బండి రోడ్డెక్కిన తొలి పదేళ్లలో చేసినవో, చేయగలిగినవో అయిన మార్పులకే ఆ హోదాలో చోటు ఉంటుంది. ఈనాటి పెద్ద నల్ల చక్రం తగిలిస్తే ఆ అక్షరమే ప్రశ్నార్థకమవుతుంది. కాబట్టి 1990ల నాటి, అల్లికలా కనిపించే ఆకుల (స్పోకుల) డిజైనులో వెతికాను, అదే ఈ కారు ఒంటికి నప్పుతుందని బిగించాక ఇంకా బాగా తెలిసింది.

తనిఖీ రోజున ఇంజనీరుగారు ముందు చక్రం ఆకు వెనుక టార్చి వేసి పోతపోసిన అంకెలు చదివి, నివేదికలోని అంకెల పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నారు. తరువాత ఒక ముందు చక్రాన్నీ దానికి ఎదురు మూల వెనుక చక్రాన్నీ దిమ్మెల మీదికి ఎక్కించమన్నారు. బండి మెలిపడి, సస్పెన్షన్ ఆ మూలల్లో పూర్తిగా అణిగిపోయింది. అప్పుడు స్టీరింగును రెండువైపులా చివరికంటా తిప్పించి, టైరుకూ ఫెండరు అంచుకూ మధ్య వేలు దూర్చి చుట్టూ నడిపారు. చక్రం మధ్య నుంచి నిలువు గీతకు ముందు 30 డిగ్రీలు, వెనుక 50 డిగ్రీల మేర టైరు నేలను తాకే భాగం బాడీ కింద కప్పబడి ఉందో లేదో బయట నిలబడి చూశారు. అంతా అయ్యాక "చాలా శుభ్రంగా చేశారు" అని ఒక్క మాట అన్నారు. ఈ ఊళ్లో అంత త్వరగా ఎవరూ మెచ్చుకోరు, ఆ మాట మా నాన్నగారికి వెంటనే ఫోను చేసి చెప్పాను.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: చక్రాలు నాలుగూ 620 యూరోలు, టైర్లు 340, బిగింపు, బ్యాలెన్సింగు 80, తనిఖీ 60. మొత్తం 1,100 యూరోలు, అంటే లక్షా పదివేల రూపాయలు. అందులో ఆ అరవై యూరోలు, అంటే ఆరు వేలు, దండగ అని మా బావగారి అభిప్రాయం. నా దృష్టిలో ఈ మొత్తంలో విలువ ఎక్కువ దక్కింది ఆ అరవైకే. నేను కాగితం మీద వేసుకున్న లెక్కను నాకు ఏ సంబంధమూ లేని మనిషి ఇనుము మీద సరిచూసి పెట్టాడు.

పదిహేడు అంగుళాల సంగతి కూడా తేల్చేస్తాను బావగారూ. 205/40 టైరులో పక్క గోడ 82 మిల్లీమీటర్లే ఉంటుంది, పాత టైరులో 111 ఉండేది. టన్ను బరువు లేని ఈ బండికి ఆ గోడే సగం సస్పెన్షన్. దాన్ని కోసేసి, పైగా బరువైన రిమ్ము తగిలిస్తే ప్రతి అతుకూ నడుముకు తగులుతుంది, మలుపులో చక్రం గెంతుతుంది.

పాత 14 అంగుళాల చక్రాలను అమ్మలేదు. వాటికి మంచు కొండ గుర్తు ఉన్న శీతాకాలపు టైర్లు వేయిస్తున్నాను. 2024 అక్టోబరు నుంచి ఆ గుర్తు లేకుండా కేవలం ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని రాసి ఉన్న టైర్లను ఇక్కడ శీతాకాలపు టైర్లుగా ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు కొత్త చక్రాల మీద తొలి 50 కిలోమీటర్లు పూర్తయ్యాయి కాబట్టి బిగింపు బలాన్ని కొలిచే టార్కు రెంచితో నట్లను మళ్లీ ఒకసారి సరిచూస్తున్నాను, 110 న్యూటన్ మీటర్లు, ఎదురెదురు నట్ల వరుసలో.